కొబ్బరినీళ్ళ వెనిగర్: హైడ్రోమీటర్ రీడింగ్ అనుకున్నదానికంటే ఎక్కువొస్తే ఏం చేయాలి?

“పంచదార కలిపాక 1.040 రావాలన్నారు. నాకు 1.062 చూపిస్తోందండీ, పారబోసేయమంటారా?”

ఎండు కొబ్బరికి కాయలు కొట్టే రోజులొస్తే చాలు, ఈ ప్రశ్న వరసపెట్టి వస్తుంది. అంబాజీపేట నుంచి ఒకరు, రాజోలు నుంచి ఒకరు, గోదావరి దాటి నరసాపురం, పాలకొల్లు నుంచి ఇంకొకరు. అంకెలు మారతాయి కానీ కంగారు ఒకటే. (హైడ్రోమీటర్ అంటే ద్రవంలో తేలుతూ అది నీళ్ళకంటే ఎంత చిక్కగా ఉందో చూపించే పరికరం. మంచినీళ్ళు 1.000, తీపి పెరిగేకొద్దీ అంకె పెరుగుతుంది.) అందరికీ విడివిడిగా చెప్పేకంటే ఓసారి వివరంగా రాసేస్తే పనైపోతుంది కదా అని ఇది.

ముందు ఒక మాట. పారబోయకండి. చాలాసార్లు పాత్రలో ఉన్నది బాగానే ఉంటుంది, కొలవడంలోనే తేడా జరుగుతుంది. నిజంగానే తీపి ఎక్కువైనా, సరిచేయడం పెద్ద పనేం కాదు. అసలు చెడగొట్టేది ఏంటంటే, రీడింగ్ చూడగానే హడావుడిగా చెంబుడు నీళ్ళు గుమ్మరించేయడం. కాబట్టి వరసగా వెళ్దాం: ముందు పరికరాన్ని అనుమానించండి, తర్వాత నమూనాని, ఆ తర్వాత మీరు వేసిన కొలతల్ని. నీళ్ళ సంగతి అన్నిటికంటే చివర.

ఎక్కువైతే నష్టమేంటి?

రెండు ముక్కల్లో చెప్తాను. వెనిగర్ రెండు దశల్లో తయారవుతుంది. మొదట ఈస్ట్ తీపిని ఆల్కహాల్‌గా మారుస్తుంది. తర్వాత ఎసిటిక్ బ్యాక్టీరియా గాలి పీల్చుకుంటూ ఆ ఆల్కహాల్‌ని పులుపుగా మారుస్తుంది. 1.040 అంటే సుమారు 10 బ్రిక్స్, అంటే బరువులో పది శాతం తీపి. అక్కడ మొదలుపెడితే ఐదు, ఐదున్నర శాతం ఆల్కహాల్ వచ్చి, చివరికి నాలుగున్నర శాతం దాకా పులుపు తేలుతుంది. అదే 1.080 దగ్గర మొదలుపెట్టారనుకోండి, ఆల్కహాల్ పది శాతం దాటుతుంది. అంత ఘాటులో బ్యాక్టీరియా పనిచేయలేదు. వారాలు గడిచినా జాడీ సారా వాసనే కొడుతుంది తప్ప పులవదు.

ఇంకో హెచ్చరిక కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఈస్ట్ దశ పూర్తయిన ద్రవంలో ఆల్కహాల్ ఉంటుంది. పిల్లలకి అందకుండా పెట్టండి. అక్కడ ఆపేసి రుచి చూసే సరదాలు వద్దు. లైసెన్సు లేకుండా మత్తు పానీయం తయారుచేయడం మన రాష్ట్రంలో నేరం. మొదలుపెడితే వెనిగర్ దాకా వెళ్ళండి, లేదంటే మొదలుపెట్టకండి.

కావలసినవి

- హైడ్రోమీటర్: 0.990 నుంచి 1.120 దాకా గీతలున్నది, దానికి సరిపడా పొడవాటి జాడీ గొట్టం. గాజు గొట్టం దొరక్కపోతే పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్‌ది చాలు.
- థర్మామీటర్. వంటకి వాడేదైనా సరే. జ్వరం చూసుకునేది పనికిరాదు.
- గ్రాముల్లో చూపించే కాటా. పంచదారని గ్లాసులతో కొలిస్తే ఈ వ్యాసం మీకు మళ్ళీ మళ్ళీ అవసరమవుతుంది.
- లీటర్ల గీతలున్న కొలపాత్ర.
- మరిగించి చల్లార్చిన మంచినీళ్ళు, నాలుగైదు లీటర్లు.
- బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ ఒక సీసా. పరికరం పరీక్షకే, కలపడానికి కాదు.
- పెన్ను, కాగితం. ఇది లేకపోవడం వల్లే సగం ఇబ్బందులు.

పాత్రలు గాజువి గానీ, మంచి స్టీలువి గానీ, తిండికి పనికొచ్చే ప్లాస్టిక్‌వి గానీ వాడండి. పులిసేది పెడతారు కాబట్టి అల్యూమినియం, ఇత్తడి, రాగి, ఇనుము దరిదాపుల్లోకి రానివ్వకండి. వెనిగర్ నెలల తరబడి నిలవుండేది గాజులోనో జాడీలోనో. జాడీ అయితే లోపల పూత ఎక్కడా లేచి ఉండకూడదు. ఆవకాయ పెట్టిన జాడీ మాత్రం వద్దు. ఎంత తోమినా నూనె వదలదు, ఉప్పూ వదలదు.

1. ఏ పరికరంతో కొలిచారో ఓసారి చూసుకోండి

నవ్వకండి. మన డెల్టాలో దీని దగ్గరే ఎక్కువమంది బోల్తా పడుతున్నారు.

ఇంట్లోనో పక్కింట్లోనో రొయ్యల చెరువులుంటే, ఉప్పదనం చూసే రిఫ్రాక్టోమీటర్ (చుక్క వేసి, అందులో కాంతి ఎంత వంగిందో చూసే పరికరం) ఉంటుంది. చూడ్డానికి బ్రిక్స్ రిఫ్రాక్టోమీటర్‌లాగే ఉంటుంది. పైగా లోపల ఒకవైపు 1.000 నుంచి 1.070 దాకా గ్రావిటీ (చిక్కదనం) అంకెలు కూడా కనిపిస్తాయి. “ఇంకేం, ఇదే కదా కావాల్సింది” అని చుక్క వేసి చూసేస్తారు. కానీ ఆ అంకెలు ఉప్పునీళ్ళకి గీసినవి. ఉప్పు కాంతిని వంచే లెక్క వేరు, పంచదార వంచే లెక్క వేరు. నిజంగా 1.040 ఉన్న తీపి నీళ్ళు ఆ పరికరంలో దాదాపు 1.060 దగ్గర కనిపిస్తాయి. మీకొచ్చిన 1.062 దాంతో చూసిందే అయితే, మీ ద్రవం అక్షరాలా సరిగ్గా ఉంది. ఈ వ్యాసం మూసేసి ఈస్ట్ వేసుకోండి.

పాల లాక్టోమీటర్ వాడేవాళ్ళూ ఉన్నారు. అది తప్పేం కాదు. దాని మీద 30 అంటే 1.030 అని అర్థం. అయితే చాలావాటిలో గీతలు 40తోనే ఆగిపోతాయి. అంతకంటే చిక్కనిదాంట్లో కాడ మొత్తం పైకి తేలిపోతుంది, ఎంతుందో తెలియదు. మనకి కావాల్సింది సరిగ్గా ఆ హద్దు దగ్గరే కాబట్టి, లాక్టోమీటర్ ఉంటే వాడుకోండి గానీ, దాని కోసం కొత్తగా డబ్బు పెట్టకండి.

బ్యాటరీ యాసిడ్ చూసే హైడ్రోమీటర్ గీతలు మన అవసరానికి చాలా పైన మొదలవుతాయి. యాసిడ్ తగిలిన వస్తువుని తినేదాంట్లో ముంచకూడదని వేరే చెప్పక్కర్లేదు.

2. పరికరాన్ని మంచినీళ్ళలో పరీక్షించండి

హైడ్రోమీటర్ కాడ లోపల గీతలున్న కాగితం చుట్ట ఉంటుంది. కొరియర్‌లో దెబ్బలు తిని అది జారిపోయి ఉండొచ్చు. బయటికి పగులు కూడా కనిపించదు.

డిస్టిల్డ్ వాటర్‌ని ఫ్రిజ్‌లో కాసేపు పెట్టి 20 డిగ్రీలకి తెచ్చి అందులో వదలండి. 1.000 చూపించాలి. అంత ఓపిక లేకపోతే గది వేడిలోనే చూడండి. 30 డిగ్రీల నీళ్ళలో 0.997, 0.998 మధ్య వస్తే పరికరం బాగున్నట్టే. 1.004 చూపించిందనుకోండి, దాదాపు ఆరు పాయింట్లు, అంటే 0.006 ఎక్కువ చూపిస్తోందన్నమాట. ఆ తేడాని హైడ్రోమీటర్ డబ్బా మీద రాసి పెట్టుకోండి, ప్రతిసారీ తీసేసుకోవచ్చు.

ఈ పరీక్షకి బోరు నీళ్ళు వాడకండి. సముద్రం దగ్గరి ఊళ్ళలో బోరు నీళ్ళకి ఉప్పదనం ఉంటుంది. సఖినేటిపల్లి, అంతర్వేది వైపు వాళ్ళకి ఇది కొత్త విషయం కాదు. ఉప్పునీళ్ళలో చూసి “నా హైడ్రోమీటర్ పాడైపోయింది” అనుకుంటే, బాగున్న పరికరాన్ని మీరే చేజేతులా తప్పుదారి పట్టించినట్టవుతుంది.

3. నమూనా మళ్ళీ తీయండి, ఈసారి నెమ్మదిగా

తప్పుడు పెద్ద అంకె ఎక్కువగా ఇక్కడే పుడుతుంది.

పంచదార కరిగిందా? కరిగినట్టే కనిపిస్తుంది, అడుగున పాకం పొర ఉంటుంది. కుళాయి ఉన్న పాత్రైతే మీరు పట్టింది సరిగ్గా ఆ పొరనే. గరిటె అడుగుదాకా పోనిచ్చి మూడు నాలుగు నిమిషాలు కలపండి. పైనుంచి ఒక నమూనా, అడుగునుంచి ఒక నమూనా తీసి చూడండి. రెండింటికీ తేడా ఉందంటే ఇంకా కలపాలని అర్థం. బెల్లం వేసినవాళ్ళు మరీ జాగ్రత్త, గడ్డలు అడుగున దాక్కుంటాయి.

బుడగలున్నాయా? కొబ్బరినీళ్ళు మన ఎండలకి గంటల్లో పులవడం మొదలెడతాయి. పొద్దున్న కొట్టిన కాయల నీళ్ళు సాయంత్రం దాకా బకెట్లో ఉంచితే లోపల గ్యాస్ పుట్టేస్తుంది. ఆ బుడగలు హైడ్రోమీటర్ పొట్టకి అతుక్కుని దాన్ని పైకి లేపుతాయి. పైకి లేచిందంటే అంకె పెద్దదవుతుంది. నమూనాని ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి టీ తిరగబోసినట్టు నాలుగైదుసార్లు పోసి, నురగ పోయాక కొలవండి. హైడ్రోమీటర్‌ని వేళ్ళతో గిర్రున తిప్పి వదలండి, మిగిలిన బుడగలు రాలిపోతాయి.

గొట్టం గోడకి ఆనుకుందా? ఆనితే ఎక్కడ ఇరుక్కుంటే అక్కడే ఆగుతుంది. నమూనాలో కొబ్బరి తునకలుంటే గుడ్డలో వడకట్టండి.

కంటిని నీటి మట్టానికి దించి చూడండి. కాడ చుట్టూ ద్రవం కొంచెం పైకి పాకి ఉంటుంది. ఆ పాకిన అంచుని కాకుండా, చదునుగా ఉన్న మట్టాన్ని చదవాలి.

బ్రిక్స్ రిఫ్రాక్టోమీటర్ వాడేవాళ్ళకి వేరే చిక్కుంది. చుక్క వేసి, మూత వేయకుండా ఫ్యాను కింద కబుర్లలో పడితే చుక్కలోని నీరు ఆరిపోతుంది, బ్రిక్స్ పెరిగిపోతుంది. చుక్క వేయగానే మూత వేసి అర నిమిషంలో చదివేయండి. ముందు డిస్టిల్డ్ వాటర్‌తో సున్నా సరిచూసుకోండి. గాజు మీద పాత పాకం మరక ఉన్నా అంకె పెరుగుతుంది.

4. వేడి లెక్క వేసుకోండి

“మే నెల కదండీ, వేడికి ఎక్కువ చూపిస్తోందేమో” అంటారు చాలామంది. ఇది తిరగబడ్డ లెక్క. వేడెక్కిన ద్రవం పలచబడుతుంది, హైడ్రోమీటర్ ఇంకా లోపలికి మునుగుతుంది, అంకె తక్కువ చూపిస్తుంది. అంటే వేసవిలో మీకు కనిపించిన అంకె కంటే అసలుది ఇంకా ఎక్కువే ఉంటుంది.

20 డిగ్రీలకి గీసిన హైడ్రోమీటర్ అయితే కనిపించిన అంకెకి ఇంత కలపండి:

- 25 డిగ్రీల దగ్గర 0.001
- 30 దగ్గర 0.002 నుంచి 0.003
- 35 దగ్గర 0.004
- 40 దగ్గర 0.006

మీ పరికరం ఎన్ని డిగ్రీలకి గీసిందో కాడ మీదే సన్నని అక్షరాల్లో ఉంటుంది. పొయ్యి మీంచి దించగానే కొలవొద్దు. 60 డిగ్రీల దగ్గర తేడా 0.015 దాకా ఉంటుంది. పైగా మరీ వేడిదాంట్లో ముంచితే గాజు పగులుతుంది, ప్లాస్టిక్ గొట్టం వంకర పోతుంది. గిన్నెడు చన్నీళ్ళలో గొట్టం నిలబెట్టి చల్లారనివ్వండి.

ఇక్కడిదాకా వచ్చాక అంకె 1.045 లోపల ఉంటే ఏమీ చేయక్కర్లేదు. 1.045 నుంచి 1.050 మధ్య ఉన్నా నేనైతే ముట్టుకోను. తర్వాత పోసే పాత వెనిగర్‌తో ఎలాగూ పలచబడుతుంది. 1.050 దాటితే సరిచేయడం మంచిది. 1.060 దాటితే తప్పదు.

5. నిజంగానే ఎక్కువుంటే, ఎందుకైందో కనిపెట్టండి

కారణం తెలియకుండా సరిచేస్తే వచ్చేసారి మళ్ళీ ఇదే పాట. అసలు దొంగలు మూడే.

మొదటిది, కొబ్బరినీళ్ళ సొంత తీపిని లెక్కలోకి తీసుకోకపోవడం. “10 బ్రిక్స్ అంటే లీటరుకి నూరు, నూటపది గ్రాముల పంచదార” అని విని అంతా వేసేస్తారు. అది మామూలు నీళ్ళకి సరిపోయే లెక్క. ముదురు కాయ నీళ్ళలోనే 3 నుంచి 5 బ్రిక్స్ తీపి, ఖనిజాలు ఉంటాయి. బొండాం నీళ్ళలో ఇంకాస్త ఎక్కువ. దింపులో లేతా ముదురూ కలిసి వస్తే ఏ బకెట్‌కి ఆ బకెట్ తేడాగా ఉంటుంది. కాబట్టి పంచదార వేయకముందు ఒకసారి కొలిచి రాసుకోండి. 4 బ్రిక్స్ ఉన్న నీళ్ళని 10కి తేవడానికి లీటరుకి 68 గ్రాములు చాలు.

రెండోది, మరగబెట్టడం. కొబ్బరినీళ్ళని పొంగు రానిచ్చి ఐదు నిమిషాల్లో దించేయాలి. వెడల్పాటి గిన్నెలో అరగంట మరిగిస్తే ఆవిరై పోయేది నీరు మాత్రమే, తీపి అంతా కిందే ఉంటుంది.

ఈ రెండూ కలిస్తే ఏమవుతుందో చూడండి. 1.016 ఉన్న 5 లీటర్ల కొబ్బరినీళ్ళు, లీటరుకి 110 చొప్పున 550 గ్రాముల పంచదార. కలపగానే 1.055 వస్తుంది. దాన్ని అరగంట తెర్లించి 4.6 లీటర్లకి దించితే 1.063. మొదట్లో చెప్పిన ప్రశ్నలోని అంకె వింతేమీ కాదన్నమాట, ఇంచుమించు ఇలాగే పుడుతుంది.

మూడోది, కొలపాత్ర. ఇంట్లో వాడే చెంబుని లీటరు అనుకుంటారు. కొలిచి చూస్తే ముప్పావు లీటరే పడుతుంది. ఐదు చెంబులు పోసి ఐదు లీటర్లకి సరిపడా పంచదార వేస్తే ఇంకేముంది.

బెల్లం సంగతి ఒక్క మాట. బెల్లంలో తేమ ఉంటుంది కాబట్టి అదే బరువుకి పంచదార కంటే కొంచెం తక్కువ తీపి వస్తుంది. దానివల్ల అంకె ఎక్కువవడం అరుదు. కానీ తెల్లగా మెరిసిపోయే బెల్లం మాత్రం కొనకండి. రంగు కోసం వేసే హైడ్రోస్ అనే రసాయనం ఈస్ట్‌కి మంచిది కాదు.

6. ఎంత పోయాలో లెక్క కట్టండి

ఒక్కటే సూత్రం. 1.062లో చుక్క తర్వాత వచ్చే చివరి రెండంకెలు, అంటే 62ని పాయింట్లు అనుకోండి. మన లక్ష్యం 42 అనుకుందాం.

పోయాల్సిన లీటర్లు = (ఇప్పటి పాయింట్లు − లక్ష్యం) × ఉన్న లీటర్లు ÷ (లక్ష్యం − పోసేదాని పాయింట్లు)

మామూలు నీళ్ళకి పాయింట్లు సున్నా. పాత్రలో 4.6 లీటర్లు ఉంటే (62 − 42) × 4.6 = 92. దాన్ని 42తో భాగిస్తే 2.2 లీటర్ల నీళ్ళు.

పంచదార కలపని కొబ్బరినీళ్ళు దొరికితే అవే పోయమంటాను. రుచి పలచబడదు, ఈస్ట్‌కి కావాల్సిన ఖనిజాలూ అందుతాయి. వాటి పాయింట్లు 16 అయితే 92 ÷ (42 − 16), అంటే సుమారు మూడున్నర లీటర్లు కావాలి. అంత దొరక్కపోతే సగం ఇది, సగం అది చేసుకోవచ్చు. అన్నట్టు, పోసే ముందు పాత్ర సరిపోతుందో లేదో చూసుకోండి. నురగకి పావు వంతు ఖాళీ ఉండాలి.

ఏ నీళ్ళు పోసినా మరిగించి చల్లార్చినవే పోయండి. బ్లీచింగ్ వాసన వచ్చే కుళాయి నీళ్ళైతే మూత తీసి మరిగించి, రాత్రంతా వదిలేయండి. ఉప్పు తగిలే బోరు నీళ్ళు ఇక్కడా వద్దు.

7. మూడు వంతులు పోసి ఆగండి

లెక్కలో 2.2 లీటర్లు వస్తే ముందు 1.6 లీటర్లు పోయండి. బాగా కలపండి, నమూనా తీయండి, వేడి సవరణ వేయండి. అప్పుడు మిగతాది కొంచెం కొంచెంగా పోయండి. పాత్రలో ఎంతుందన్న మీ అంచనాలో కొంచెం తేడా ఉంటుందని ముందే అనుకోవాలి.

పొరపాటున ఎక్కువ పడిపోతే? లీటరుకి 10 గ్రాముల పంచదార వేస్తే దాదాపు 4 పాయింట్లు పెరుగుతాయి. కొంచెం ద్రవంలో కరిగించి పోయండి, పలుకులుగా చల్లకండి. అయితే 1.036 దగ్గర ఆగినా కొంప మునగదు, వెనిగర్ కాస్త మెత్తగా ఉంటుందంతే. 1.030కి దిగిపోతే మాత్రం సరిచేసుకోండి. పులుపు చాలకపోతే నిలవుండదు.

1.040, 1.045 మధ్యకి రాగానే అంకె, తేదీ, లీటర్లు కాగితం మీద రాసి పాత్రకే అంటించండి. తర్వాత 32 డిగ్రీల కంటే తక్కువ వేడిలో ఈస్ట్ వేయండి. బేకరీ వాళ్ళు వాడే ఇన్‌స్టంట్ డ్రై ఈస్ట్ లీటరుకి ఒక గ్రాము చాలు. మూత బిగించకండి. గ్యాస్ పోయే దారి లేకపోతే గాజు సీసా పేలుతుంది, ఇది ఊరికే భయపెట్టడానికి చెప్పే మాట కాదు.

8. ఈస్ట్ వేసేశాక తెలిసిందా?

మొదటి రోజే అయితే ఆరో అంచెలో చెప్పినట్టే చేయండి. నురగ పొంగుతుంది, నెమ్మదిగా పోయండి.

రెండు మూడు రోజులు దాటితే కదపకండి. సగం తీపి అప్పటికే ఆల్కహాల్ అయిపోయి ఉంటుంది. ఆల్కహాల్ నీటి కంటే తేలిక కాబట్టి హైడ్రోమీటర్ అంకె పడిపోతుంది, దాన్ని చూసి మొదట్లో ఎంతుందో చెప్పలేం. బ్రిక్స్ రిఫ్రాక్టోమీటర్ అయితే ఆల్కహాల్‌ని కూడా తీపిగానే లెక్కగట్టి ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. “వారం దాటినా 7 బ్రిక్స్ దగ్గరే ఆగిపోయిందండీ” అనే ఫిర్యాదు ఎక్కువగా ఇలా వచ్చిందే. ఈస్ట్ పడ్డాక హైడ్రోమీటర్ ఒక్కదాన్నే నమ్మండి.

పూర్తిగా పులియనివ్వండి. వరసగా రెండు రోజులు అంకె కదలకుండా 1.000 చుట్టుపక్కల ఆగితే ఈస్ట్ పనైపోయినట్టు. ఇప్పుడు పలచబరచొచ్చు. నిజానికి ఇది ఇంకా తేలిక:

ఆల్కహాల్ శాతం = (మొదటి అంకె − చివరి అంకె) × 131

1.080 దగ్గర మొదలై 1.002 దగ్గర ఆగితే 0.078 × 131, అంటే 10.2 శాతం. బ్యాక్టీరియాకి 6 శాతం కావాలి. 4 లీటర్లుంటే 4 × 10.2 ÷ 6 = 6.8 లీటర్లు అవ్వాలి. అంటే 2.8 లీటర్లు పోయాలి. అందులో ఒక లీటరు పాశ్చరైజ్ చేయని పాత వెనిగర్, మిగతాది చల్లార్చిన నీళ్ళు.

మొదటి అంకె రాసుకోలేదా? అంచనా కట్టొచ్చు. కిలో పంచదార సుమారు 385 పాయింట్లు ఇస్తుంది, 0.6 లీటరు చోటు తీసుకుంటుంది. కొబ్బరినీళ్ళకి లీటరుకి 16 వేసుకోండి. మొత్తం పాయింట్లని చివరికి మిగిలిన లీటర్లతో భాగిస్తే మీ మొదటి అంకె ఇంచుమించు దొరుకుతుంది.

మొదటి అంకె 1.090 దాటి ఉండి, చివరి అంకె 1.020 దగ్గరే మొరాయిస్తే, బేకరీ ఈస్ట్ ఆ ఘాటుకి చేతులెత్తేసింది. ముందు నీళ్ళు పోసి పలచబరచండి. తర్వాత గోరువెచ్చటి నీళ్ళలో తడిపిన కొత్త ఈస్ట్ కొంచెం వేయండి. మళ్ళీ కదులుతుంది.

9. పులుపు దశకి మార్చడం

అడుగున తేరుకున్న మడ్డి కదలకుండా పైది వడగట్టండి. వెడల్పు మూతి ఉన్న జాడీలో పోసి, పాత వెనిగర్ (పలచబరిచేటప్పుడు పోసి ఉండకపోతే) ఐదో వంతు కలపండి. బజారులో దొరికే తెల్లటి సింథటిక్ వెనిగర్ దీనికి పనికిరాదు, అందులో బ్రతికున్నదేమీ ఉండదు. మూతికి పాత పంచె ముక్క రెండు మడతలు వేసి గట్టిగా కట్టండి. వల గుడ్డ కడితే పళ్ళ ఈగలు దూరతాయి. వంటింట్లో నీడ పట్టున పెట్టండి. రేకుల షెడ్లో వద్దు, వేసవిలో అక్కడి వేడికి బ్యాక్టీరియా నీరసిస్తుంది.

వారం, పది రోజుల్లో పైన పలచని జిగురు పొర కడుతుంది. దాన్ని కదపకండి. ముడతలు పడ్డ తెల్లటి పొడిలాంటి పొర వస్తే అది వేరే ఈస్ట్, తీసేస్తే సరిపోతుంది. ఆకుపచ్చగానో నల్లగానో నూగు బూజు కనిపిస్తే మాత్రం మొత్తం పారబోయాలి. గోళ్ళరంగు తుడిచే మందు వాసన వస్తే ఆల్కహాల్ ఇంకా ఎక్కువుందనో, గాలి చాలట్లేదనో అనుమానించండి. ఇంకో అర లీటరు నీళ్ళు పోసి, ఇంకా వెడల్పాటి పాత్రలోకి మార్చి చూడండి.

10. అయిందో లేదో ఎలా తెలుస్తుంది?

నాలుకతో తెలియదు. పీహెచ్ కాగితంతో కూడా తెలియదు. రెండు శాతం పులుపున్నా, ఐదు శాతం ఉన్నా కాగితం రంగు ఇంచుమించు ఒకలాగే మారుతుంది. టైట్రేషన్ ఒక్కటే దారి, అంటే పులుపుని విరిచేయడానికి ఎంత క్షారం పడుతుందో కొలవడం. ఇంటర్ ల్యాబ్‌లో అందరం చేసిందే.

వెనిగర్ 2 మిల్లీలీటర్లు తీసుకోండి. కాస్త డిస్టిల్డ్ వాటర్, రెండు చుక్కల ఫినాఫ్తలీన్ (పులుపు విరిగిందని రంగుతో చెప్పే మందు) కలపండి. 0.1 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణాన్ని సిరంజితో చుక్కచుక్కగా వేస్తూ తిప్పండి. లేత గులాబి రంగు అర నిమిషం నిలిచిందంటే ఆపేయండి. ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో దాన్ని 0.3తో గుణిస్తే పులుపు శాతం వస్తుంది. 15 పడితే నాలుగున్నర శాతం. ఆ ద్రావణం కంట్లో పడకూడదు, చేతికి తొడుగు వేసుకోండి. పరీక్షించిన నమూనా పారబోయండి.

పులియబెట్టి చేసే వెనిగర్‌కి మన ఆహార ప్రమాణాల ప్రకారం కనీసం 3.75 శాతం ఎసిటిక్ యాసిడ్ ఉండాలి. అంటే మీ సిరంజిలో 12.5 మిల్లీలీటర్లు పట్టాలి. అంతకంటే తక్కువుంటే సలాడ్లకీ గిన్నెలు తోముకోవడానికీ వాడుకోండి గానీ, నిలవ పచ్చళ్ళలో పోయకండి.

వారానికోసారి కొలవండి. రెండు వారాలు వరసగా అంకె పెరగలేదంటే ఆల్కహాల్ అయిపోయింది. అప్పుడు “ఇంకొన్నాళ్ళు ఉంచితే ఇంకా పులుస్తుంది” అని వదిలేయకండి. తినడానికి ఆల్కహాల్ లేకపోతే బ్యాక్టీరియా పులుపునే తినడం మొదలెడుతుంది, అంకె వెనక్కి తగ్గుతుంది. వెంటనే వడగట్టి, వచ్చేసారికి ఒక లీటరు పచ్చిదే పక్కన పెట్టుకోండి. మిగతాదాన్ని 70 డిగ్రీల దాకా వేడిచేసి, గాలి మిగలకుండా సీసాల మెడ దాకా నింపి మూత బిగించండి.